ఎదురు మర

గోనెసంచిలో చుట్టి తెచ్చింది.
బల్లమీద పెడితే ముందు మట్టి రాలింది,
తర్వాత ఒక చిన్న నత్తగుల్ల.

"బుడమేరు ఇంట్లోకొచ్చినప్పుడు మంచం కిందుంది.
అప్పట్నించీ ఎవరూ ముట్టుకోలేదు" అంది,
మిషను తప్పేం లేదన్నట్టు.

మార్బుల్ కట్టర్.
ఒకప్పుడు నీలం.
బ్లేడు మీద తుప్పు పొరలు పొరలుగా లేచింది.
వైరు ఎలకలు కొరికేశాయి.
ప్లగ్గొక్కటే కొత్తదానిలా మెరుస్తోంది,
దేనికీ పనికిరాకుండా.

"కొత్తది కొనుక్కోమ్మా" అనే మాట
నాలుక చివరిదాకా వచ్చింది.
ఆటోనగర్లో రోజుకి పదిసార్లు అనే మాటే.
ఆమె గోళ్లలో తెల్ల సిమెంటు చూసి
చీటీ పుస్తకం తీశాను.

పేరు వజ్రమ్మ. పాయకాపురం.
"ఇన్నాళ్లూ కూలికి వెళ్లాను.
ఇప్పుడు రెండు బాత్రూములు గుత్తకి ఒప్పుకున్నా,
టైల్సు నేనే వేస్తాను.
సోమవారం మొదలు."
ఆ రోజు గురువారం.

డీజిల్లో కాస్త బ్రేకాయిలు కలిపి
బోల్టు చుట్టూ చుక్కచుక్కగా పోసి
రాత్రంతా వదిలేశాను.
తుప్పు దగ్గర తొందర చెల్లదు.

తెల్లారి మూత విప్పితే
లోపల ఎండిన బురద, ఏటి ఒడ్డులా నెర్రెలిచ్చి.
కార్బన్లు గూళ్లలో కరుచుకుపోయాయి,
ఒకటి లాగితే వచ్చింది, ఒకటి పొడైంది.
పెట్రోల్లో ముంచిన టూత్‌బ్రష్‌తో
కమ్యుటేటర్ తోముతుంటే
పట్టీ వెనక పట్టీ
రాగి మొహం బయటపెట్టింది.
ఆర్మేచర్ని ఎండలో ఆరబెట్టి
సీరీస్ బల్బు తగిలించాను.
వెలిగింది.
చుట్ట బతికే ఉంది.

బేరింగు మాత్రం గరగర, పప్పులో రాళ్లు.
మార్చేశాను. నూట నలభై.

ఇక మిగిలింది ఆ బోల్టు.

స్పానరు జారి వేలి తోలు లేచింది.
పక్క షెడ్డు నాగుల్‌మీరా వచ్చి
గ్యాసు మంట పట్టాడు.
ఎర్రబడేలోపు తప్పించి, సుత్తితో చిన్నగా,
తలుపు తట్టినట్టు,
మళ్లీ స్పానరు.
లేదు.
పైపు తొడిగి ఇద్దరం వేలాడాం.
బల్ల కదిలింది.

శనివారం మధ్యాహ్నం ఆమె వచ్చి
ఎండలోనే నిలబడి కాసేపు చూసింది.
"అన్నా, నువ్వు దాన్ని బిగిస్తున్నావు."

నాగుల్‌మీరా ఎందుకో
ఎప్పుడో ఆరిన టార్చిని మళ్లీ కట్టేశాడు.

నాకు తెలీదా అది ఎదురు మరని?
ముప్పై ఏళ్లుగా తెలుసు.
కుర్రాళ్లకి చెప్పాను, తిట్టి మరీ చెప్పాను.
బుర్రకి తెలిసింది
చెయ్యి దాకా రాలేదు ఈ పూట.

ఆమె పైపు తీసి పక్కన పెట్టింది.
ఉత్త స్పానరు. కుడికి.
ఒక్క ఊపున కాదు,
కొంచెం ముందుకి, కొంచెం వెనక్కి,
ఒక చుక్క నూనె,
మళ్లీ ముందుకి,
టైలు కింద బోలు ఎక్కడుందో
తట్టి వినే వేళ్లతో.

కిచ్‌మంది.

మర వెంబడే ఎర్ర పొడి రాలింది
కారం మిల్లు గుమ్మంలా.
ముగ్గురం దానివంకే చూశాం,
అదేదో మాట్లాడబోతున్నట్టు.

కొత్త వైరు వేసి స్విచ్చి నొక్కితే
ముందు పొగ, మాడు వాసన,
ఒక దగ్గు,
ఆ తర్వాత సన్నని అరుపు
షెడ్డు రేకులకి తగిలి తిరిగొచ్చింది.

కొత్త బ్లేడు నేనే ఎక్కించాను.
పరువు కొద్దీ బోల్టుని బలంగా పట్టబోతే
ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.
"అంత వద్దన్నా. ఆనిస్తే చాలు.
తిరిగేకొద్దీ అదే బిగుసుకుంటుంది."

నాలుగొందల ఎనభై.
ఐదొందలిచ్చి, చిల్లర అడిగి మరీ తీసుకుంది.
గోనెసంచి దులిపి మడిచి
ఆటోలో మిషన్ని ఒళ్లో పెట్టుకుంది.

నత్తగుల్ల బల్లమీదే ఉండిపోయింది.
షట్టరు దించేముందు
దాన్ని దీపం కింద పట్టుకుని
దాని మర ఎటు తిరిగిందో
వేలితో చూసుకున్నాను.